పెద్దులు తవ్విన చెలిమె

పెద్దులు ముందర ఇసుక మాట ఎత్తకూడదు. ఎత్తారా, ఇక ఆ పూటకు పొయ్యి మీద కూర మాడాల్సిందే. ఒమాన్‌లోని ఘాలాలో కంపెనీ ఇచ్చిన ఆ రూములో ఉండేవాళ్లంతా జగిత్యాల, నిర్మల్ దిక్కు మనుషులే కాబట్టి వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాడెవడైనా తెలియక "సైట్ల ఇయ్యాల ఇసుక లారీ దిగిందన్నా" అన్నాడంటే పాతవాళ్లు ముసుగు తన్ని పడుకునేవారు. పెద్దులు మాత్రం లేచి కూర్చునేవాడు. "గదేం ఇసుక తమ్మీ, ఉత్త దుబ్బ. మా గోదారి ఇసుక దోసిట్ల వడితె సల్లగ జారాలె" అని మొదలుపెట్టి, గోడకు ఏ ఇసుక, పూతకు ఏ ఇసుక, అబద్ధాలాడే కాంట్రాక్టరు ఏ ఇసుక వాడతాడు అన్నీ చెప్పుకుంటూ పోయేవాడు. వినేవాడు ఆవలిస్తున్నా పట్టించుకునేవాడు కాదు.

అతడి గొప్పలు ఉత్తవేమీ కావు. ధర్మపురికి దిగువన గోదావరి ఒడ్డు మీది పల్లెలో పుట్టాడు. ఎండాకాలం నది సన్నబడి అవతలి ఒడ్డుకు జరిగిపోతే ఇవతలంతా ఇసుకే మిగిలేది. బోర్లు ఎండిన ఏడాది ఊరి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ ఇసుకలోకి నడిచేవారు. మోకాటి లోతు గుంత తీసి కాసేపు ఊరుకుంటే అడుగున నీళ్లు ఊరతాయి. మొదట వచ్చేవి మడ్డినీళ్లు. వాటిని చిప్పతో తోడి పారబోస్తే ఆ తర్వాత తేటనీళ్లు వస్తాయి. దాన్నే చెలిమె అంటారు. గుంత ఎవరైనా తీస్తారు గానీ ఎక్కడ తీయాలో చెప్పడం అందరికీ చేతకాదు. పెద్దులుకు ఆ వాటం చిన్నప్పుడే పట్టుబడింది. మడమతో ఇసుకను తన్ని చూసి "ఈడ తవ్వుండ్రి" అంటే అక్కడ నీళ్లు పడేవి. పిల్లవాడి నోట దేవుడు పలుకుతున్నాడని ముసలమ్మలు మెటికలు విరిచేవారు. ఆ మెచ్చుకోలు అతడి ఒంట్లో అలాగే ఉండిపోయింది.

పెద్దయ్యాక ట్రాక్టరు కొన్నాడు. పొద్దున లేస్తే నదిలోకి దిగడం, ఇసుక నింపుకుని రావడం. లోడుతో ఉన్న ట్రాక్టరు ఇసుకలో దిగబడితే మిగతా డ్రైవర్లు లోడు దింపుకుని నెత్తీ నోరూ కొట్టుకునేవారు. పెద్దులు మాత్రం దిగి, డబ్బాతో నీళ్లు తెచ్చి టైర్ల ముందు పోసేవాడు. తడిసిన ఇసుక గట్టిపడుతుంది, గట్టి ఇసుకను టైరు పట్టుకుంటుంది. అంతే, బండి కదిలిపోయేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ట్రాక్టరు దిగబడినా అతడికే కబురొచ్చేది. వెళ్లి, బండి లేపి, చాయ్ తాగి వచ్చేవాడు.

కింద బ్యారేజీ కట్టాక వెనక నీళ్లు నిలిచి ఆ ఇసుకంతా మునిగిపోయింది. ఊరి వాళ్లు నీళ్లొచ్చాయని సంబరపడ్డారు, పెద్దులు ఒక్కడే ఒడ్డున నిలబడి ముఖం వేలాడేసుకున్నాడు. ట్రాక్టరు అమ్మేశాడు. డ్రైవర్ వీసా మీద ఒమాన్ వచ్చి, కంపెనీలో పికప్ నడిపే పనిలో చేరాడు. ఘాలాలో ఎటు చూసినా గ్యారేజీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపులు. శుక్రవారం రూవి బజారుకు పోతే కూరగాయలు, ఇంటికి పంపే సబ్బులు, మనవాళ్ల ముఖాలు. ఇంత ఎడారి దేశానికి వచ్చి కూడా అతడు చేతి నిండా ఇసుక పట్టుకున్నది లేదు.

అతడి భార్య రాజేశ్వరి. ఆమెకు ఒక్కడే తమ్ముడు, జితేందర్. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా పాలపండ్లు ఊడని పిల్లవాడు. అక్కే పెంచింది. పెళ్లై వచ్చేటప్పుడు వాడిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. అలా జితేందర్ బావ ఇంట్లోనే, బావ ట్రాక్టరు మడ్‌గార్డు మీదనే పెరిగాడు. రెండేళ్ల కిందట వాడికీ వీసా వచ్చినప్పుడు రాజేశ్వరి ఫోన్లో భర్తతో ఒక్కటే మాట అంది. "వాడు నాకు తమ్ముడు గాదు, పెద్దకొడుకు. నీ చేతుల వెడ్తున్న." పెద్దులు "నాకు చెప్పాల్నా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో అనుమానమేమీ లేదు.

జితేందర్‌కు బావ మాటంటే వేదం. సైట్‌లో షట్టరింగ్ పని చేసేవాడు. ఏ పలక మీద కాలు పెట్టాలో ఫోర్‌మన్ చెప్పినా సరే, ఓసారి బావకు ఫోన్ చేసి అడిగే రకం. రూములో అందరూ వాడిని ఆటపట్టించేవారు, "పెండ్లికి పిల్లను గూడ మీ బావనే సూస్తడా" అని. వాడు సిగ్గుపడకుండా "గాయినె సూస్తడు" అనేవాడు. మనల్ని అంతగా నమ్మే మనిషి పక్కన ఉంటే ఎవరికైనా కాస్త మదం ఎక్కుతుంది. పెద్దులుకూ ఎక్కింది. అది తప్పని అతడికి చెప్పేవాళ్లెవరు?

బక్రీదు సెలవులు జూన్ నెలలో పడ్డాయి. ఆ సెలవులు కాగానే జితేందర్ ఊరికి పోవాలి. రెండేళ్లకు మొదటిసారి. బట్టలు, బొమ్మలు అన్నీ సర్దుకున్నాక వాడికి ఓ కోరిక పుట్టింది.

"బావా, ఒమాన్ల ఉండొచ్చి ఎడారి సూడలేదంటే మనోళ్లు నవ్వుతరు. బిదియా దిక్కు ఇసుక గుట్టలు ఉన్నయట. గుట్టలంటె గుట్టలేనట. ఒక్కసారి సూసొద్దాం."

పెద్దులుకు అంతకంటే ఏం కావాలి? ముఖం విప్పారింది. ఆ ఎండల్లో ఇసుకలోకి ఎవరూ పోరని రూములో ఒకరిద్దరు అన్నారు గానీ ఆ మాట అతడు పెడచెవిన పెట్టాడు. సెలవులకు కంపెనీ పికప్ అతడి దగ్గరే ఉంది. అడిగితే ఇవ్వరు కాబట్టి అడగలేదు. ఎటు పోతున్నామో సూపర్‌వైజర్‌కు తెలిస్తే గొడవని, బయల్దేరే ముందు రూములో ఆ ఆలోచన మానుకున్నట్టు "రూవి దాకా పోయొస్తం" అనే చెప్పాడు. వెంట భూమేశ్ వచ్చాడు. ప్లంబరు, నెమ్మది మనిషి, దేనికైనా ముందు అనుమానపడి ఆ తర్వాత ఒప్పుకుంటాడు. బగారన్నం, కోడికూర మూటగట్టుకున్నారు. రూములోని నీలిరంగు పెద్ద నీళ్ల క్యాను బండి వెనక ఎక్కించారు.

తెల్లవారుతూనే బయల్దేరి, ఇబ్రా దాటి బిదియా చేరేసరికి ఎండ ముదిరింది. ఊరి చివర టైర్ల దుకాణం ఒకటి ఉంది. ఇసుకలోకి పోయే బండ్లన్నీ దిగబడకుండా ఉండటానికి అక్కడ ఆగి టైర్లలో సగం గాలి తీయించుకుంటాయి. దుకాణంలో పనిచేసే జహీరుద్దీన్ బంగ్లాదేశ్ మనిషి. బండిని చూసి, బండి వెనక మరో బండి లేకపోవడం చూసి, బయటికి వచ్చాడు.

"అకేలా జా రహే క్యా భాయ్? హవా నికాలో. ఔర్ దూస్రీ గాడీ కే సాథ్ జావో. అభీ గర్మీ మే ఉధర్ కోయీ నహీ."

అతడు చెప్పింది నిజమే. ఎండాకాలం వస్తే ఇసుకలో కాపురముండే బదూలు పిల్లాజెల్లలతో ఖర్జూరం తోటలకు వచ్చేస్తారు. టూరిస్టుల గుడారాలు కూడా చాలావరకు మూసేస్తారు. ఒంటరి బండి వెళ్లే కాలం కాదది. పెద్దులు నవ్వి జహీరుద్దీన్ భుజం తట్టాడు. "భాయ్, హమ్ ఇసుక... రేత్ మే పైదా హువా" అన్నాడు, ఇసుకలో పుట్టినవాణ్ని అని. గోదావరిలో లోడు బండికే ఏనాడూ గాలి తీయలేదు, ఈ ఖాళీ బండికి తీయడమేమిటి. భూమేశ్ "తీపిద్దామే అన్నా, పోయేదేమున్నది" అని గొణిగాడు. పెద్దులు అప్పటికే బండి ఎక్కాడు.

కాసేపటికి మొదటి గుట్ట కనబడింది. ఎర్రటి ఇసుక అంత ఎత్తుకు లేచి నిలబడి ఉంటుందని ఎంత విన్నా నమ్మలేం. పెద్దులు బండి ఆపి, చెప్పులు విడిచి, ఆ ఇసుకలో కాళ్లు పెట్టాడు. కాలుతోంది. అయినా తీయలేదు. దోసిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి వదిలాడు. కంట్లో నీళ్లు తిరిగాయి, అది చూసి జితేందర్ పకపకా నవ్వాడు. వాడు అంగీ విప్పి నడుముకు కట్టుకుని గుట్ట ఎక్కడం, పైనుంచి కూర్చుని జారడం, పాతికేళ్ల మనిషి పసివాడైపోయాడు. అక్కడ ఇంకా ఫోన్ పనిచేస్తోంది. వాడు అక్కకు వీడియో కాల్ చేసి ఇసుకంతా తిప్పి చూపించాడు.

"అవ్వో, గోదారి లేచి నిలవడ్డట్టే ఉన్నది గదరా" అంది రాజేశ్వరి. "ఎండ మాడ్తున్నది, ఎక్కువ తిరుగకుండ్రి. బావ ఏడి?"

"బావ ఇసుకతోటి ముచ్చట వెడ్తున్నడు" అన్నాడు జితేందర్.

అక్కడే అన్నం తిని వెనక్కి తిరిగి ఉంటే ఈ కథ చెప్పుకునే పని ఉండేది కాదు. కానీ గుట్టల అవతల ఇంకా పెద్ద గుట్టలు కనబడ్డాయి. జితేందర్ "గా ఒక్కటి బావా" అన్నాడు. పెద్దులు పోనిచ్చాడు. ఒక వరుస దాటి, రెండు గుట్టల నడుమ పల్లంలోకి దిగారు. బండి అక్కడ బుస్సుమని ఆగిపోయింది. రేజ్ చేస్తే టైర్లు అక్కడికక్కడే తిరిగి ఇంకాస్త లోపలికి పోయాయి.

పెద్దులు ఏమీ కంగారుపడలేదు. కంగారుపడటానికి ఇదేమన్నా కొత్తా? దిగి నాలుగు టైర్లూ చూశాడు. వాటి ముందు ఇసుకను చేతులతో తీశాడు. తీసినకొద్దీ పక్కలనుంచి జారి మళ్లీ నిండింది. "ఎండిన ఇసుక, తడపాలె" అన్నాడు. "జితేందరూ, క్యాను దించు."

భూమేశ్ క్యాను మీద చెయ్యి వేసి అడ్డుకున్నాడు. "అన్నా, తాగేటియి గవే. దార్ల బాటిల్లన్ని ఒడ్సినయి. కొన్నన్న ఉంచుదాం."

"నీళ్లేడికి వోతయ్‌రా? ఇంత ఇసుక ఉన్నది. బండి లేసినంక చెలిమె తీస్త, సల్లటి నీళ్లు తాగుదువు. గీ క్యాన్ల నీళ్లు ఎట్లనో కాగి ఉన్నయ్."

"గిది గోదారి గాదన్నా."

"ఇసుక ఏడున్న ఇసుకనే తమ్మీ."

జితేందర్ అప్పటికే క్యాను భుజాన ఎత్తుకున్నాడు. "బావకు తెల్వదానే భూమన్నా?" అని, మూత తీసి, ముందు టైర్ల కింద నెమ్మదిగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోశాడు. బావ ఎలా చెప్పాడో అలాగే పోశాడు. సగం క్యాను అయ్యాక పెద్దులు స్టీరింగు పట్టుకున్నాడు. బండి ముందుకు లేచింది. నిజంగానే లేచింది. టైరు పట్టు దొరికి మూరెడు కదిలింది. జితేందర్ ఈల వేశాడు. భూమేశ్ కూడా నవ్వాడు. పెద్దులు కిటికీలోంచి తల బయటికి పెట్టి "ఉన్నయన్ని పొయ్యి" అన్నాడు. మిగతా నీళ్లూ పోశారు. ఆ తడి దాటాక బండి మళ్లీ కూలబడింది. ఈసారి పెద్దులు పట్టు వదలక రేజ్ చేస్తూనే ఉన్నాడు. టైర్లు పూర్తిగా పూడిపోయి బండి కడుపు ఇసుకకు ఆనింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచి, రేడియేటర్ నీళ్లు బుసబుసా పొంగి ఇసుకలో ఇంకిపోయాయి. ఇంజిన్ ఆగింది. దాంతోపాటే ఏసీ కూడా ఆగింది.

ఫోన్లలో సిగ్నల్ లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ పల్లంలో గాలి ఆడదు, నీడంటూ లేదు. బండి లోపల కూర్చోలేరు, బయట నిలబడలేరు. భూమేశ్ గుట్ట వైపు చూశాడు.

"నేను పైకెక్కి సిగ్నల్ సూస్త. అటుదిక్కు ఏదన్న బండి తొవ్వ ఉంటె గూడ సూసొస్త."

"ఎండల సస్తవ్‌రా. కూసో. నీళ్లు వడ్డంక తాగి పో" అన్నాడు పెద్దులు.

భూమేశ్ వినలేదు. తలకు తువ్వాల చుట్టుకుని, చేతులూ కాళ్లూ ఆనించి గుట్ట పాకి, పైన కాసేపు కనబడి, అవతలికి దిగిపోయాడు.

పెద్దులు పల్లంలో అటూ ఇటూ తిరిగి, ఓ చిన్న పొద దగ్గర మడమతో తన్ని చూశాడు. చెట్టు బతికిందంటే కింద తడి ఉండాలి. లెక్క సరిగానే ఉంది. "ఈడ" అన్నాడు. కూరగిన్నె మూత ఒకటి అతడు తీసుకుని, కంచం ఒకటి జితేందర్‌కు ఇచ్చాడు. ఇద్దరూ తవ్వడం మొదలుపెట్టారు. నదిలో అయితే గుంత అంచు నిలుస్తుంది. ఇక్కడ ఒక కంచం తీస్తే రెండు కంచాల ఇసుక జారి పడింది. గుంత లోతు కాకముందే వెడల్పయింది. అయినా ఆగలేదు. చేతిని చంకదాకా దించేసరికి వేళ్లకు చల్లగా తగిలింది. పిడికిట్లో పట్టుకుంటే ఇసుక కాస్త ముద్దకట్టింది.

"సూస్తివా!" అని అరిచాడు పెద్దులు. "తడి తగిలింది! ఇగ ఎంతో లేదు!"

జితేందర్ ఆ ముద్దను తీసుకుని చెంపకు అద్దుకున్నాడు. "నేను చెప్పలేదా భూమన్నకు" అని నవ్వాడు. ఇంకా జోరుగా తవ్వాడు.

ఆ చల్లదనమే ఇద్దరినీ ముంచింది. ఎప్పుడో పడ్డ వాన తడి ఎడారి ఇసుక కడుపులో అలా ఉండిపోతుంది. చేతికి తెలుస్తుంది గానీ గొంతులోకి దిగదు. దాని కింద ఎంత తవ్వినా మళ్లీ అదే. ఈ సంగతి అక్కడి మేకలు కాసే పిల్లలకు కూడా తెలుసు. పెద్దులుకు తెలియదు. అతడికి తెలిసిన ఇసుక కింద ఎప్పుడూ ఒక నది ఉంది.

కొంతసేపటికి జితేందర్ చేతిలో కంచం నెమ్మదించింది. చెమటతో తడిసిన ఒళ్లు పొడిగా అయిపోయి కాలుతోంది. "బావా, సలి వెడ్తున్నది" అన్నాడు. పెద్దులు తల ఎత్తి చూసి, వాడి కళ్లు చూసి భయపడ్డాడు. చేయి పట్టి లేపి బండి పక్కన సన్నటి నీడలో పడుకోబెట్టాడు. వాడు వాంతి చేసుకున్నాడు. నోరు పిడచకట్టుకుపోయి మాట స్పష్టంగా రావడం లేదు.

"నీళ్లు బావా."

"తెస్తరా. వచ్చినయ్. అయిపోయినట్టే."

అప్పుడైనా అతడు వాడి పక్కన కూర్చుని, ఒంటి మీద నీడ పట్టి, ఉన్న ఓపిక మిగుల్చుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? పెద్దులు మళ్లీ గుంతలోకి దూకాడు. నీళ్లు ఇంకో మూర కిందే ఉన్నాయని అతడి ప్రాణం చెబుతోంది. ఇంకో మూర తవ్వాడు. గోళ్లు లేచిపోయాయి. పై నుంచి ఇసుక వీపు మీద పడుతోంది. అవతల జితేందర్ ఏదో మాట్లాడుతున్నాడు. అక్క చాయ్ పెట్టిందా అంటున్నాడు. ట్రాక్టరు ఒడ్డెక్కిందా అంటున్నాడు. గుంతలోంచే పెద్దులు "ఎక్కిందిరా, ఎక్కింది" అని జవాబిస్తున్నాడు. ఆ తర్వాత "నీళ్లు" అన్న మాటొక్కటే మళ్లీ మళ్లీ వినబడింది. "ఊరుతున్నయ్‌రా, మడ్డినీళ్లు తోడుతున్న, జెర ఆగు" అని అరిచాడు. అబద్ధమని తెలిసే అరిచాడు.

చివరికి అడుగున చల్లటి ఇసుకను అంగీలో మూటగట్టి పరుగెత్తాడు. జితేందర్ తలను ఒళ్లో పెట్టుకుని, ఆ మూటను వాడి నోటి మీద పిండాడు. రెండు చేతులతో, పళ్లు బిగించి పిండాడు. ఒక్క చుక్క రాలలేదు. గుడ్డ చల్లగా ఉంటుందని దాన్నే నోట్లో పెట్టాడు. జితేందర్ దాన్ని పసిపిల్లాడు చీకినట్టు చీకాడు. గుడ్డ సందులోంచి ఇసుక కారి నాలుకకు, పెదవులకు అంటుకుంది. కాసేపు చీకి, ఆపేశాడు. పెద్దులు "జితేందరూ" అన్నాడు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఆ తర్వాత పిలవలేదు.

గుట్టల నీడలు పల్లంలోకి సాగే వేళకు ఓ పికప్ వచ్చింది. తోటలోంచి ఒంటెలకు మేత తెచ్చిన ముసలాయనకు భూమేశ్ బండి జాడ మీద పడి ఉండగా దొరికాడట. నీళ్లు తాగించి, బండి ఎక్కించుకుని, అతడు చెయ్యి చూపిన దిక్కున వచ్చాడు. ముసలాయన ముందు పెద్దులు నోటికి నీళ్ల సీసా పట్టి, ఆ తర్వాత జితేందర్ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, తన తల గుడ్డ తీసి వాడి మీద కప్పాడు. లేచి చుట్టూ చూశాడు. నడుములోతు గుంత. ఖాళీ క్యాను.

"పానీ థా?" అన్నాడు, క్యాను చూపించి.

భూమేశ్ తల ఊపాడు.

"కిస్నే పియా?"

ఎవరూ తాగలేదని భూమేశ్ చెప్పాడు. ముసలాయనకు అర్థం కాలేదు. నీళ్లు ఉన్నాయి, ఎవరూ తాగలేదు, మరి ఎక్కడికి పోయాయి? పెద్దులు వైపు చూశాడు. పెద్దులు ఇసుకలో కూర్చుని, రాలిపోయిన గోళ్ల చేతులను ఒళ్లో పెట్టుకుని, తల వంచుకున్నాడు.

పోలీసులు వచ్చారు, అంబులెన్స్ వచ్చింది. అడిగినవాటికి భూమేశే జవాబు చెప్పాడు. మర్నాడు పొద్దున ఇబ్రా ఆసుపత్రి మార్చురీ బయట ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. కబురు అప్పటికే రూము మీదుగా ఊరికి పోయింది. రాజేశ్వరి రాత్రినుంచి ఫోన్ చేస్తూనే ఉంది. పెద్దులు ఎత్తలేదు. ఈసారి భూమేశ్ ఎత్తి అతడి చెవికి ఆనించాడు.

ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎండదెబ్బనట గద" అంది.

"ఔ."

"నువ్వు పక్కపొంటె ఉంటివా?"

"ఉంటి."

"ఆఖరుకు నోట్లె నీళ్లు పోసినవా?"

వాళ్ల దిక్కున మనిషి పోతే ఎలా పోయాడన్న దానికంటే ముందు అడిగేది ఇదే. పోయేటప్పుడు నోట్లో గుక్కెడు నీళ్లు పడ్డాయంటే ఇంటిల్లిపాదికీ అదో ఊరట. పడలేదంటే ఆ బాధ బతికున్నవాళ్లను చచ్చేదాకా తినేస్తుంది. ఆమె దేనికోసం అడుగుతోందో పెద్దులుకు తెలుసు. నిజం చెబుదామనే నోరు తెరిచాడు.

"పోసిన" అన్నాడు.

"మింగిండా?"

"మింగిండు. రెండు గుక్కలు."

ఫోన్లో పెద్ద నిట్టూర్పు వినబడింది. ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "గట్లయితె మంచిగనే వోయిండు నా కొడుకు. నువ్వు దగ్గరుంటివి గద, గదే సాలు. నువ్వు గూడ లేకుంటె వాడు ఎంత గోసవడునో." పక్కన భూమేశ్ ముఖం తిప్పుకున్నాడు. "ఒక్కసారి వాని మొకం సూపెట్టు. వీడియో చెయ్యి."

ఇద్దరూ లేచి లోపలికి నడిచారు. మార్చురీలో పనిచేసే మలయాళీ మనిషి ముందు తటపటాయించి, ఫోన్లో ఉన్నది అక్క అని చెబితే ఒప్పుకున్నాడు. గుడ్డ తొలగించాడు. పెద్దులు ఫోన్ పట్టుకున్నాడు. రాజేశ్వరి చాలాసేపు చూసింది. నుదురు చూసింది, కళ్లు చూసింది. "జెర మూతి దగ్గరికి వెట్టు" అంది. పెట్టాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ఆ పగుళ్ల నిండా, పళ్ల సందుల్లో, నాలుక మీద ఎర్రటి ఇసుక ఎండి అంటుకుపోయి ఉంది. నీటి జాడ ఎక్కడా లేదు.

ఆమె "తడిగుడ్డతోటి తుడువు" అంది.

పెద్దులు ఫోన్ భూమేశ్‌కు ఇచ్చి, మూలనున్న నల్లా తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. తువ్వాల పూర్తిగా తడిపి, పిండకుండానే తెచ్చి, జితేందర్ పెదవులను మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినకొద్దీ ఇసుక వస్తూనే ఉంది. గుడ్డలోని నీళ్లు పెదవుల మూల నుంచి లోపలికి కొన్ని పోయి, మిగిలినవి గడ్డం మీదుగా కారాయి.

"నీళ్లు పోసిన అంటివి గద" అంది రాజేశ్వరి.

పెద్దులు తడి తువ్వాలను మళ్లీ వాడి పెదవులకు ఆనించాడు.

"ఇప్పుడు పోస్తున్న" అన్నాడు.